నిమ్మరసం ఇచ్చేందుకు అర్హులు

మా ఆఫీసు పని జనానికి బియ్యం అందేలా చూడటం. అందకుండా చూడటం నా పని అని గిట్టనివాళ్ళు అంటారు గానీ అది నిజం కాదు. నా పని కొర్రీ వెయ్యడం. దరఖాస్తు రాగానే అందులో లేని కాగితం ఏదో కనిపెట్టి, అది పట్టుకురమ్మని మనిషిని వెనక్కి పంపడాన్ని ఆఫీసు భాషలో కొర్రీ అంటారు. ఉన్న కాగితాన్ని ఎవడైనా చదువుతాడు. లేని కాగితాన్ని చదవడానికి సాధన కావాలి. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నేను చేసిన సాధన అదే. జిల్లా ఆహార పంపిణీ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు గున్నేశ్వరరావు చేతికి వెళ్ళిన ఫైలు, కొర్రీ లేకుండా బయటికి వచ్చిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

తిండి విషయంలో మాత్రం నేనెన్నడూ కొర్రీ వెయ్యలేదు. పొద్దున్న నాలుగు పెసరట్లు, వాటి మీదికి ఉప్మా. పదకొండింటికి ఆఫీసు ఎదుటి బడ్డీలో రెండు మైసూరు బజ్జీలు. ఒంటిగంటకి మూడు గిన్నెల క్యారియరు. నాలుగింటికి పుణుకులు. శనివారం ఒంటిపూట ఉంటాను. అంటే రాత్రి అన్నం మానేసి చపాతీలు, రెండు అరటిపళ్ళు, ఒక గ్లాసు పాలు, పొద్దుటి ఉప్మా మిగిలితే అది. నేను శనివారం ఉపవాసం ఉంటే ఆదివారం మళ్ళీ సరుకులు తెచ్చుకోవలసి వస్తోందని మా ఆవిడ మంగతాయారు పెళ్ళయిన దగ్గర్నించీ అంటూనే ఉంది.

ఇలాంటి నాకు డెబ్బై రెండు గంటల ఉపవాసం ఎలా దాపురించిందో చెప్పాలి.

మాకు కొత్తగా వచ్చిన జిల్లా అధికారి ప్రద్యుమ్న గారు. సన్నగా, చురుగ్గా ఉంటారు. ఎక్కడో కొండల్లో జరిగిన ఉపవాస శిబిరానికి వెళ్ళి, మూడు రోజులు మంచినీళ్ళు తాగి, కొత్త మనిషై తిరిగివచ్చారు. వచ్చిన మర్నాడే సిబ్బందినందర్నీ సమావేశపరిచి, శరీరమనేది ఒక గిడ్డంగి అనీ, గిడ్డంగిని ఏడాదికొకసారైనా ఖాళీ చేసి సున్నం కొట్టించకపోతే పాత సరుకు ముక్కిపోతుందనీ ఉపన్యసించారు. మా శాఖ వాళ్ళకి ఇంతకన్నా బాగా అర్థమయ్యేట్టు ఎవరూ చెప్పలేరు. అందరం తలలూపాం. సాయంత్రానికి సర్క్యులర్ వచ్చింది. సిబ్బంది యావన్మందీ నిరాహార సంకల్ప కార్యక్రమంలో స్వచ్ఛందంగా పాల్గొనవలసిందిగా ఇందుమూలముగా ఆదేశించడమైనదనీ, స్వచ్ఛందంగా పాల్గొనని వారు అందుకు తగు కారణాలను మూడు రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయవలెననీ అందులో ఉంది.

దీనికి నియమావళి ఎవరు రాయాలి అన్నప్పుడు అందరూ నావైపు చూశారు. నేనూ నావైపే చూసుకున్నాను. సూపరింటెండెంటు పోస్టు ఒకటి ఖాళీగా ఉంది. నాకు రిటైర్మెంటు ఇంకా ఏణ్ణర్ధం. ఆలోగా తలుపు మీద ఒక్కసారి నా పేరూ, దాని కింద సూపరింటెండెంటు అన్న మాటా చూసుకోవాలని నాకు చాలా ఆశ. ఆ సిఫార్సు ప్రద్యుమ్న గారి కలంలో ఉంది. పైగా నియమాలు రాసేవాడిని కార్యక్రమానికి కన్వీనరుగా వేసి, మిగతావాళ్ళ ఆకలిని పర్యవేక్షించమంటారని నా అంచనా. ఇతరుల ఆకలిని పర్యవేక్షించడంలో నాకు అనుభవం ఉంది.

అందుకని ఒళ్ళు దాచుకోకుండా రాశాను. ఉపవాసం ప్రారంభించేవారు ప్రవేశ నివేదికను మూడు ప్రతుల్లో సమర్పించాలి. గంటలు పూర్తయినంత మాత్రాన ఉపవాసం పూర్తయినట్టు కాదు, విరమణ ఉత్తర్వు చేతికి అందాలి. ఉత్తర్వు అందకుండా తింటే దాన్ని అనధికార భోజనంగా పరిగణిస్తారు. దొంగచాటుగా తిన్నవాడు ఉత్తర్వు కొట్టెయ్యకుండా, విరమణకు ముందు ఫలానా వ్యక్తి నిజంగా ఆకలితో ఉన్నాడని ప్రభుత్వ డాక్టరు ధ్రువీకరించాలి. ఇంట్లో ఏమీ పెట్టలేదని భార్య గాని భర్త గాని డిక్లరేషన్ ఇవ్వాలి. ఎవరి ఫైలు వారే చూసుకోకూడదు.

తొమ్మిదో నిబంధన దగ్గర నా కలం మరీ పరవళ్ళు తొక్కింది. పెద్దపెద్దవాళ్ళు నిరాహారదీక్ష చేసినప్పుడు చివర్న ఎవరో ఒకరు నిమ్మరసం ఇచ్చి విరమింపజేస్తారు కదా. మనమూ అలాగే చెయ్యాలని రాశాను. అయితే కడుపు నిండా తిన్నవాడి చేతి నిమ్మరసానికి విలువేముంటుంది? కనక, విరమించేవారి కన్నా ఎక్కువ గంటలు ఉపవాసం ఉన్నవారు మాత్రమే నిమ్మరసం ఇచ్చేందుకు అర్హులనీ, ఇచ్చే ముందు వారు యంత్రం మీద వేలిముద్ర వెయ్యాలనీ చేర్చాను.

ప్రద్యుమ్న గారు చదివి చలించిపోయారు. నాలో ఒక శాసనకర్త నిద్రపోతున్నాడని అన్నారు. శాసనం చేసినవాడే ముందు నడవాలని కూడా అని, మొదటి జట్టు జాబితాలో మొదటి పేరుగా నా పేరు రాశారు. కార్యక్రమం జరిగినన్నాళ్ళు తనకు చిన్న పనులు చూసే తీరిక ఉండదని చెప్పి, రేషను కార్డుల ఆమోదం కూడా నా సీటుకే అప్పగించారు. ఎవరు తీసిన గోతిలో వారే పడతారని వినడమే గానీ, గొయ్యి కొలతలు వేసి, అంచులు చెక్కి, మెట్లు కూడా కట్టుకుని దిగినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను.

సోమవారం పొద్దున్న పదిన్నరకి ముప్ఫై ఒక్క మందిమి ప్రవేశ నివేదికలు ఇచ్చాం. పదకొండు గంటలదాకా ఉపవాసం చాలా సులువుగా సాగింది. పదకొండింటికి బడ్డీలో బజ్జీల మూకుడు చప్పుడైంది. నా కుర్చీకి ఆ బడ్డీకి మధ్య రెండు గోడలూ, ఒక రోడ్డూ ఉన్నాయి. అయినా ఏ బజ్జీ ఏ క్షణాన తిరగబడుతోందో నాకు తెలిసిపోతోంది.

అప్పుడే నూకరత్నం వచ్చింది. నలభై అయిదేళ్ళ మనిషి. జీడిపిక్కలు ఒలిచే షెడ్డులో పని. ఆ పిక్క తొక్కలోంచి కారే జీడి చేతులకి అంటి అంటి వేళ్ళ మీద గీతలన్నీ కాలిపోయాయి. రేషను దుకాణంలో యంత్రం మీద వేలు పెడితే అది ఈ మనిషిని గుర్తుపట్టడం మానేసింది. గుర్తుపట్టని మనిషికి బియ్యం ఇవ్వకూడదు కనక కార్డు ఆపేశారు. ఇంట్లో ఎనభై దాటిన అత్తగారు, తనూ ఇద్దరే. కార్డు తెరిపించమని దరఖాస్తు పెట్టుకుని ఎనిమిది నెలలైంది.

ఆ ఎనిమిది నెలలూ నా ప్రతిభకు నిదర్శనం. మొదట ఆ వేళ్ళు ఆమెవేనని డాక్టరు దగ్గర రాయించుకు రమ్మన్నాను. తెచ్చింది. జీడి వల్లే కాలాయని షెడ్డు యజమానిని రాసివ్వమన్నాను. తెచ్చింది. ఆవిడ బతికే ఉన్నట్టు పంచాయతీ నుంచి కాగితం అడిగాను. నేను మీ ఎదురుగానే ఉన్నాను కదండీ అంది. మనిషి కనబడటం ఆధారం కాదని నచ్చజెప్పాను. అదీ తెచ్చింది. ఆ సోమవారం నాడు, దరఖాస్తు పెట్టిన నూకరత్నమూ ఇప్పుడు బతికి ఉన్న నూకరత్నమూ ఒకరేనని రేషను డీలరు చేత రాయించుకుని మర్నాడు రమ్మన్నాను. నీరసంగా ఉండబట్టి కొర్రీ కొంచెం పేలవంగా వచ్చిందని నాకే అనిపించింది.

మర్నాడు మంగళవారం ఆవిడ ఆ కాగితమూ తెచ్చింది. అప్పటికి నేను మనిషిలా లేను. తల పగిలిపోతోంది. ఫైళ్ళ మీది అక్షరాలు బూందీలా విడివిడిగా కనబడుతున్నాయి. ఇరవై రెండు మంది సహచరులు అనారోగ్య కారణాలతో సెలవు పెట్టి భోజనానికి వెళ్ళిపోయారు. మిగిలింది తొమ్మిదిమందిమి. నూకరత్నం కాగితం బల్ల మీద పెట్టి, నా ముఖంలోకి చూసి, వెంటనే సంగతి పోల్చుకుంది.

“ఏటండీ, నిన్నట్నించీ ఏం తిన్లేదా?” అంది. “మొదటి రోజు కడుపు గోల పెడద్దండి. రెండో రోజు తల పగిలిపోద్ది. మూడో రోజు నించి ఏం ఉండదండి, కోపం తప్ప. నీళ్ళల్లో కాసింత ఉప్పేసుకుని తాగండి. పడుకుని ఒక్కసారే లేవకండి, కళ్ళు తిరుగుతాయ్.”

ఉప్పునీళ్ళు తెప్పించుకుని తాగాను. నిజంగానే తలనొప్పి తగ్గింది. నియమావళి ప్రకారం ప్రతి ఉపవాసీ రోజూ సాయంత్రం అనుభవ నివేదిక ఇవ్వాలి. ఆవిడ చెప్పిన మూడు రోజుల సంగతీ, ఉప్పునీళ్ళ సంగతీ నా అంతర్ముఖ పరిశీలనలో తేలినట్టుగా గ్రాంథికంలో రాసి ఇచ్చాను. ప్రద్యుమ్న గారు దాన్ని ప్రధాన కార్యాలయానికి పంపించారు. నూకరత్నం ఫైలు మాత్రం, డీలరు సంతకం కింద తేదీ లేదని వెనక్కి ఇచ్చాను. ఈ మాట రాస్తుంటే సిగ్గుగా ఉంది. అప్పుడు లేదు.

బుధవారం రాష్ట్రమంతటి అధికారులతో వీడియో సమావేశం జరిగింది. ఉపవాసులుగా మమ్మల్ని కూడా వెనక కూర్చోబెట్టారు. పర్యవేక్షణ మానసిక శ్రమ కనక ప్రద్యుమ్న గారికి పోషకాహారం తప్పదు. ఎదురుగా గాజు సీసాలో వేయించిన జీడిపప్పు పెట్టుకుని, ఒక్కొక్కటే నములుతూ మా జిల్లా ప్రగతి వివరించారు. తొమ్మిదిమంది అనగానే తెర మీద పై అధికారి కనుబొమలు లేచాయి. పక్క జిల్లా ఆరువందల పన్నెండు చూపించిందట. వంటమనిషి సెలవు పెట్టిన రోజున హాస్టలు పిల్లలందర్నీ లెక్కలో కలుపుకున్నారని తరవాత తెలిసింది. సమావేశం ముగిశాక ప్రద్యుమ్న గారు సీసా మూత బిగించి, జిల్లా పరువు మా తొమ్మిది కడుపుల మీద ఆధారపడి ఉందనీ, వెయ్యి సంఖ్య చేరేదాకా విరమణ ఉత్తర్వుల మీద సంతకం పెట్టే ప్రసక్తి లేదనీ ప్రకటించారు.

గురువారం పదిన్నరకి నా డెబ్బై రెండు గంటలూ పూర్తయ్యాయి. అధికారి సంగతి తరవాత చూసుకోవచ్చు, ముందు ఫైలు కదలాలి అనుకుని విరమణ దరఖాస్తు పెట్టాను. నా ఫైలు నేను చూడకూడదు కనక అది పక్క సీటు శేషుకుమారికి వెళ్ళింది. ఆరేళ్ళ కిందట కారుణ్య నియామకంలో వచ్చినప్పుడు ఆ అమ్మాయికి స్టేప్లర్ ఎటు పట్టుకోవాలో తెలియదు. చేయి పట్టుకుని పని నేర్పింది నేనే.

పావుగంటలో ఫైలు వెనక్కి వచ్చింది. మూడు కొర్రీలు. ప్రవేశ నివేదిక మూడో ప్రతి మీద సంతకం కార్బన్‌లో పడింది, అసలు సిరా కావాలి. ఇంట్లో ఏమీ పెట్టలేదని భార్య రాశారు గానీ ఇంటి బయట ఎవరూ పెట్టలేదని రాయలేదు. ఆకలి ధ్రువపత్రం జతపరచలేదు. నేను ఆ అమ్మాయి బల్ల దగ్గరికి నడిచి వెళ్ళి, నా ముఖం చూసి కూడా ఇంకా ధ్రువపత్రం కావాలా అన్నాను.

“మనిషి కనబడటం ఆధారం కాదని మీరే చెప్పారు కదండీ సార్” అంది శేషుకుమారి.

ఆ మాటలో వెటకారం లేదు. కక్ష అంతకన్నా లేదు. గురువు చెప్పింది తు.చ. తప్పకుండా చేసిన శిష్యురాలి శ్రద్ధ ఉంది. నాకు ఒక పక్క ఏడుపూ, ఒక పక్క గర్వమూ వచ్చాయి.

ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాను. డాక్టరు నాడి చూశాడు, షుగరు చూశాడు, నాలుక బయట పెట్టమన్నాడు. బలహీనత అని రాయగలను గానీ ఆకలి అని మా పుస్తకాల్లో జబ్బేదీ లేదు అన్నాడు. బలహీనత అని రాయించుకుని వెళ్తే, నియమావళిలో ఆకలి అని ఉంది సార్ అంటుంది శేషుకుమారి. ఆ కొర్రీ నాకు ఆసుపత్రి మెట్ల మీదే వినబడింది. ఆటో ఎక్కి తిన్నగా ప్రద్యుమ్న గారి గదికి వెళ్ళాను.

ఆ గదిలో నేను చేసిన పనికి ఆకలిని కారణంగా చెప్పుకోవచ్చు. ఆకలి రుచెరగదంటారు. రుచే కాదు, సిగ్గు కూడా ఎరగదు. అయితే మిగతా ఎనిమిదిమందికీ అదే ఆకలి వేసింది, వాళ్ళకి ఆ ఊహ రాలేదు. నాకే వచ్చింది.

హాస్టలు పిల్లల లెక్క గుర్తుచేసి, మన దగ్గర కొర్రీలతో ఆగిపోయిన రేషను కార్డుల దరఖాస్తులు పదకొండువందల నలభై ఉన్నాయని చెప్పాను. కార్డు లేనివారికి బియ్యం లేవు. బియ్యం లేనివారు రికార్డు ప్రకారం ఉపవాసం ఉన్నట్టే. వారిని కలుపుకుంటే మన సంఖ్య వెయ్యిన్నూట నలభై తొమ్మిది. పైగా స్వచ్ఛందంగా ఉపవాసంలో ఉన్నవారికి బియ్యం అవసరం లేదు కనక, ఆ దరఖాస్తులన్నీ పరిష్కారమైనట్టే రాసుకోవచ్చు. ఒక్క దెబ్బకి ఉపవాసుల సంఖ్యలో ప్రథమ స్థానం, పెండింగులో సున్నా.

ప్రద్యుమ్న గారు కుర్చీలోంచి లేచారు. కిటికీ దాకా నడిచి వెనక్కి తిరిగి, “గున్నేశ్వరరావు గారూ, ఇన్నాళ్ళూ మనం ఆహారాన్ని పంపిణీ చేస్తున్నాం. సంకల్పాన్ని పంపిణీ చెయ్యొచ్చని మీరు నిరూపించారు” అన్నారు. ఆకలి ధ్రువపత్రం నుంచి నాకు మినహాయింపు ఇచ్చారు. సూపరింటెండెంటు సిఫార్సు మీద మర్నాడే సంతకం చేస్తానన్నారు. నోట్ నా చేత్తోనే రాశాను. మర్నాడు పదకొండింటికి పత్రికలవాళ్ళ సమక్షంలో విరమణ సభ అని ఖాయమైంది.

సాయంత్రం ఇంటికి వెళ్ళి మంగతాయారుకి ప్రమోషన్ సంగతి చెప్పాను. ఎలా వచ్చిందో కూడా చెప్పాను. గొప్పగానే చెప్పాను. ఆవిడ అప్పుడే అన్నం వార్చి, ఉత్తర్వు సంగతి రేపు చూసుకోవచ్చు, కాస్త మజ్జిగన్నం తినండి అని కంచం పెట్టబోతోంది. నా మాట పూర్తయ్యాక కంచం పక్కన పెట్టి గిన్నె మీద మూత వేసింది.

“వాళ్ళకి అక్కర్లేదని మీరు రాశారా?” అని మాత్రం అడిగింది. అవునన్నాను. ఆ పూట తనూ తినలేదు. నాకు ఆకలి వల్ల నిద్ర పట్టలేదని అనుకున్నాను.

శుక్రవారం సభా మందిరం కిక్కిరిసింది. వేదిక మీద బ్యానరు, గాజు గ్లాసుల్లో నిమ్మరసం. అప్పుడు శేషుకుమారి నియమావళి పట్టుకుని తొమ్మిదో నిబంధన గుర్తుచేసింది. నిమ్మరసం ప్రద్యుమ్న గారు ఇవ్వడానికి వీల్లేదు, ఆయన ఉపవాసం శిబిరంలో డెబ్బై రెండు గంటలే. నాది అప్పటికి తొంభై ఆరు దాటింది. నాకన్నా ఎక్కువ గంటలు ఉన్నవారు కావాలి. జాబితాని గంటల వారీగా పేర్చితే మొట్టమొదటి పేరు నూకరత్నం. రెండువందల నలభై మూడు రోజులు. ఆవిడ ఆ రోజులన్నీ ఏమీ తినకుండా లేదు, నిజమే. షెడ్డులో పని దొరికిన రోజు కొనుక్కునేది, దొరకని రోజు ఉన్నది అత్తగారికి పెట్టి తను నీళ్ళు తాగేది. ఆ తేడా రాయడానికి మా ఫారంలో గడి లేదు.

అటెండరు జీపులో వెళ్ళి ఆవిడని షెడ్డు నించి అలాగే తీసుకొచ్చాడు. చేతులకి జీడి అంటకుండా రాసుకున్న నూనె ఇంకా ఉంది. వేదిక మీద కుర్చీ వేసి శాలువా కప్పారు. ప్రద్యుమ్న గారు మైకు అందుకుని, ఈ మహిళామూర్తి ఎవరి ప్రోద్బలమూ లేకుండా, ప్రభుత్వ సహకారంతో, రెండువందల నలభై మూడు రోజుల పాటు అన్నాన్ని జయించిందన్నారు. ఫోటోలు తీశారు. నూకరత్నం శాలువా మడతలు సర్దుకుంటూ నావైపు వంగి, బియ్యం ఇత్తన్నారా అండీ అని మెల్లిగా అడిగింది. కాదు, నాకు నిమ్మరసం ఇవ్వాలి అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. నా ముఖం చూసి మరి అడగలేదు.

శేషుకుమారి వేలిముద్ర యంత్రం తెచ్చి ముందు పెట్టింది. నూకరత్నం బొటనవేలు పెట్టింది. యంత్రం ఎర్రగా వెలిగింది. చూపుడువేలు పెట్టింది. ఎరుపే. పది వేళ్ళూ అయ్యాయి. ఈవిడ ఎవరో తెలియదని యంత్రం పదిసార్లు చెప్పింది. నిబంధన మీదే కదా, ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి అన్నారు ప్రద్యుమ్న గారు, మైకుకి చెయ్యి అడ్డం పెట్టి. ఏదో చెప్పాలని లేచాను. పడుకుని లేస్తే కళ్ళు తిరుగుతాయని ఆవిడ చెప్పింది. కూర్చుని లేచినా తిరుగుతాయని నాకప్పుడు తెలిసింది. బల్ల పట్టుకుని నిలబడ్డాను.

నూకరత్నం యంత్రాన్ని పక్కకి జరిపి, గ్లాసు తీసుకుని వచ్చి నా నోటి దగ్గర పెట్టింది.

“ముందు తాగండి బాబూ” అంది. “ఆకలేసినోడి కాడ కాయితాలేంటండి.”

తాగాను. ఆ గ్లాసు పట్టుకున్న వేళ్ళు నల్లగా, నున్నగా ఉన్నాయి. ఎనిమిది నెలలుగా ఆ వేళ్ళ మూలంగా నాలుగు ధ్రువపత్రాలు చదివాను గానీ, వేళ్ళని చూడటం అదే మొదటిసారి. అందరి ఎదుటా ఏడ్చాను. సంకల్పసిద్ధి కలిగినవారికి ఆనందబాష్పాలు రావడం సహజమని మర్నాటి పేపర్లో ప్రద్యుమ్న గారి వివరణ వచ్చింది. ఎవరో నా చేతిలో ఉపవాస ధ్రువపత్రం పెట్టారు. జేబులో పెట్టుకుని, పెరుగన్నం పొట్లాలు పంచుతున్న వరస దాటి, నా గదికి వెళ్ళాను.

పరిష్కారమైనట్టు రాసిన నోట్ మీద అడ్డంగా గీత గీసి సంతకం పెట్టాను. నూకరత్నం ఫైలు తెరిచి కార్డు పునరుద్ధరించి, వేలిముద్ర అవసరం లేకుండా బియ్యం ఇవ్వవలెనని డీలరుకి ఉత్తర్వు రాశాను. రెండు నిమిషాలు పట్టింది. అందులో ఒక నిమిషం కళ్ళజోడు తుడుచుకోవడానికి పట్టింది. ఎనిమిది నెలలుగా ఆ రెండు నిమిషాలు నా దగ్గరే ఉన్నాయన్నమాట. శేషుకుమారి తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. మిగతా ఫైళ్ళు తెమ్మన్నాను. ఏ ఫైళ్ళు సార్ అంది. కొర్రీలు వేసినవన్నీ అన్నాను. బీరువా రెండు అరలు ఖాళీ అయ్యాయి. వారం రోజులు పట్టింది. నాలుగో రోజు నించి ఆ అమ్మాయి కూడా నా పక్కన కుర్చీ వేసుకుంది.

జిల్లా ఉపవాసుల సంఖ్య ఒక్క వారంలో వెయ్యిన్నూట నలభై తొమ్మిది నించి తొమ్మిదికి పడిపోయింది. ప్రథమ స్థానం పక్క జిల్లాకి పోయింది. సూపరింటెండెంటు గది తలుపు మీద పక్క సెక్షను ఆయన పేరు రాయించారు. రంగు వేసేవాడు అక్షరాలు చాలా అందంగా రాశాడు. బాధ లేదని చెప్పను.

తరవాత నాకు మెమో వచ్చింది. పరిష్కారమైన పదకొండువందల నలభై దరఖాస్తులను తిరిగి తెరిచి, అవసరమైన పత్రాలు లేకుండా ఆమోదించడం తీవ్రమైన క్రమశిక్షణా రాహిత్యమనీ, సదరు దరఖాస్తుదారులు ఆకలితో ఉన్నారనడానికి నా వద్ద గల ఆధారమేమిటో మూడు రోజుల్లోగా తెలియజేయవలెననీ ప్రద్యుమ్న గారు అడిగారు. మెమో బాగా రాశారు. నేనే రాసినట్టుంది.

ఆ రోజు మధ్యాహ్నం క్యారియరు విప్పి, వంకాయ కూరతో కడుపునిండా తిని, జవాబు రాయడానికి కూర్చున్నాను. ఒకే వాక్యం రాశాను. ఆధారము ఇందువెంట జతపరచడమైనది. దాని వెనక నా ఉపవాస ధ్రువపత్రం గుండుసూదితో గుచ్చాను. అందులో ఇలా ఉంది: “శ్రీ గున్నేశ్వరరావు, సీనియర్ అసిస్టెంటు, ఆకలి అనగా ఏమిటో స్వయముగా తెలుసుకొన్నారని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.” కింద ప్రద్యుమ్న గారి సంతకం, ఆఫీసు ముద్ర ఉన్నాయి.